బ్రిస్బేన్ రాయబారులు
(సంఘ వార్షికోపన్యాసమాలలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉపన్యాసమాలలో నాకు ముందు మాటలాడిన పెద్దలు అన్నమాచార్యుని గూర్చియు, గురజాడను గూర్చియు, బుర్రకథను గూర్చియు ప్రసంగించిరి. నేను ఆస్ట్రేలియా దేశపు ఒక చిన్న సంగీత బృందమును గూర్చి చెప్పదలచితినని తెలిపినప్పుడు కార్యదర్శిగారు క్షణకాలము మౌనము వహించి, "పేరేమండీ?" అని అడిగిరి. "గో-బిట్వీన్స్" అంటిని. "అనగా?" అనిరి. "రాయబారులండీ" అని విన్నవించుకొంటిని. "అట్లయిన మనవారికి నచ్చును, కానిండు" అని అనుమతించిరి.

వారి మాట సత్యము. రాయబార మన్నచో తెలుగువాడు చెవియొగ్గి వినును. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ పద్యముల కొరకు మన పెద్దలు రాత్రులకు రాత్రులు మేలుకొనినవారు. ఆ కృష్ణరాయబారము ఫలింపలేదని ఎఱుగని వాడు సభలో ఒక్కడును ఉండడు. ఐనను మరుసటి సంవత్సరము మరల అదే నాటకమునకు పోయెడివారు. ఫలింపని రాయబారమునకు ఇంత ఆదరణ చూపిన జాతికి ఈ బృందపు కథ చెప్పుటలో నాకు సంకోచ మేమియు లేదు.

సంగ్రహముగా చెప్పిన, వీరు 1977వ సంవత్సరాంతమున బ్రిస్బేన్ నగరమున పుట్టిరి. 1981 మొదలు 1988 వరకు ఆరు ఆల్బములు వెలువరించిరి. 1989 డిసెంబరులో విడిపోయిరి. 2000లో మరల కలిసి ఇంకొక మూడు ఆల్బములు చేసిరి. 2006లో ఒకరి మరణముతో బృందము ముగిసెను. ఈ కాలమంతటిలో వారి పాట యేదియు బ్రిటిషు విక్రయ పట్టికలో మొదటి నలుబది స్థానములలోనికి వచ్చి యెరుగదు. విమర్శకులు మాత్రము మొదటినుండియు వారిని నెత్తిన పెట్టుకొనిరి. పొగడ్త అధికము, రాబడి స్వల్పము. ఈ పరిస్థితి మన సాహితీమిత్రులకు కొత్తది కాదు.

వీరి సంగీతము ఏ కోవకు చెందినదో ముందు తెలుపవలెను. ఆంగ్లమున దానిని జాంగిల్ పాప్ అందురు. జాంగిల్ అనగా గలగల. మువ్వలు, తాళపుచెవుల గుత్తి, ఎడ్ల మెడలోని గంటలు చేయు సవ్వడి. 1965లో అమెరికాలో బర్డ్స్ అను బృందమువారు పండ్రెండు తంత్రుల విద్యుద్గిటారుతో ఈ ధ్వనిని లోకమునకు పరిచయము చేసిరి. గిటారును సామాన్యముగా రెండు తీరుల వాయింతురు. తీగలన్నిటిని ఒక్క విసురున మ్రోగించుట ఒకటి, ఒక్కొక్క తీగ మీటుచు రాగమును పలికించుట రెండవది. జాంగిల్ పద్ధతి ఈ రెంటికిని నడుమ నున్నది. ఎడమచేత స్వరగుచ్ఛమును పట్టి, కుడిచేత దాని తీగలను విడివిడిగా మీటుచు, వెనుకటి స్వరము ఆరిపోకముందే ముందటి స్వరము దానిపై పడునట్లు చేయుదురు. నడుమ నడుమ వ్రేలు మోపని తీగ ఒకటి మన తంబురవలె ఊరక మ్రోగుచుండును. నేను సంగీతజ్ఞుడను గాను. ఇరువది యేండ్లుగా వినుచున్న శ్రోతను. నా చెవికి తోచినది ఇంతే: ఆ ధ్వనిలో సంతోషము పైకి కనబడును, దిగులు క్రింద వినబడును.

ఇండీ అను మాటకును అర్థము చెప్పవలసియున్నది. పెద్ద కంపెనీల ఆశ్రయము లేక, చిన్న దుకాణదారులును, విద్యార్థులును తమంత తాము రికార్డులు ముద్రించి అమ్ముకొనుటను ఇండీ అనిరి. లండనులో 1976లో రికార్డుల అంగడిగా తెరచి, 1978లో ప్రచురణకు పూనుకొన్న రఫ్ ట్రేడ్ ఇట్టి సంస్థలలో ప్రసిద్ధమైనది. తన గ్రంథమును తానే అచ్చువేయించి, సంచిలో పెట్టుకొని, ఊరూర తిరిగి అమ్ముకొనిన తెలుగు కవుల నెరిగినవారికి ఇంతకంటె వివరింప నక్కరలేదు.

బ్రిస్బేన్ నగరము క్వీన్స్‌లాండు రాష్ట్రమునకు రాజధాని. నేడు మన పిల్లలెందరో చదువులకును ఉద్యోగములకును అచ్చటికి పోవుచున్నారు. ఈ సభలోనే ఆ నగరమునకు వారమువారము ఫోను చేయు తల్లిదండ్రులు కొందరున్నారు. వారి పిల్లలు చూచుచున్న ఊరు వేరు, నేను చెప్పబోవు ఊరు వేరు. 1968 మొదలు 1987 వరకు ఆ రాష్ట్రమునకు జో బ్యెల్కీ-పీటర్సన్ ముఖ్యమంత్రి. 1977 సెప్టెంబరులో ఆయన రాజకీయ ఊరేగింపులకు అనుమతి ఇచ్చుట ఇకమీదట లేదని ప్రకటించెను. పోలీసుల చేతిలో విద్యార్థులు వందలకొలది అరెస్టయిరి. 1979లో బెల్‌వ్యూ అను పురాతన హోటలును, 1982లో క్లౌడ్‌లాండ్ అను నాట్యశాలను జనులు నిదురించుచుండగా నేలమట్టము గావించిరి. తుదకు 1987లో ఫిట్జెరాల్డు విచారణ సంఘమును నియమింపవలసివచ్చెను. రెండేండ్ల విచారణానంతరము ఆ పోలీసు కమిషనరును, మంత్రులు కొందరును కారాగారమునకు పోయిరి. 1989 డిసెంబరులో ఆ పక్షము ఎన్నికలలో ఓడిపోయెను. మన బృందము విడిపోయినదియు ఆ మాసముననే. దీనికిని దానికిని సంబంధము లేదు. తేదీలను చూచు అలవాటు గల ఉద్యోగిని గనుక మనవి చేసితిని.

అట్టి ఊరిలో కోపముగల యువకులు పంక్ సంగీతము పట్టుకొనుట సహజము. అదే నగరమునకు చెందిన సెయింట్స్ అను బృందము 1976లోనే గర్జించి లండను దాక వినబడెను. ఈ కాలమున క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయమున ఆర్ట్సు చదువుచున్న ఇద్దరు యువకులు కలిసికొనిరి. ఒకరు రాబర్ట్ ఫోర్స్టర్, బ్రిస్బేన్ వాడు, పొడగరి, గిటారు కొంత నేర్చినవాడు. రెండవవాడు గ్రాంట్ మెక్లెనన్, 1958లో రాక్‌హాంప్టన్ పట్టణమున జన్మించినవాడు, సినిమాల పిచ్చి, పుస్తకముల పిచ్చి గలవాడు. అతనికి వాద్యము ఏదియు రాదు. ఫోర్స్టరు సంగీతము వచ్చినవానిని వెదకుకొనలేదు; ఈ స్నేహితునికే బాస్ గిటారు నేర్పి బృందమును ప్రారంభించెను. విద్వత్తును బట్టి కాక స్నేహమును బట్టి మనిషిని ఎన్నుకొనుట ఆఫీసు నిబంధనలకు విరుద్ధము గావచ్చును. ఇచ్చట అది మేలే చేసెను. అయిదారు సంవత్సరములు తిరుగకముందే శిష్యుడు గురువుతో సమానుడయ్యెను. బృందమునకు మిక్కిలి పేరు తెచ్చిన పాటలు శిష్యునివే.

వారి తొలి రికార్డు 1978లో కొన్ని వందల ప్రతులు మాత్రమే వెలువడెను. ఒక వైపు అమెరికా నటి లీ రెమిక్‌పై పాట. రెండవ వైపు కేరన్ అను పాట. విశ్వవిద్యాలయ గ్రంథాలయములో తనకు కావలసిన పుస్తకములు వెదకి యిచ్చు యువతిపై ఒక విద్యార్థి పెంచుకొన్న ఆరాధన దాని విషయము. వీధిలో పోలీసులు లాఠీలు పట్టుకొని నిలిచియుండగా గ్రంథాలయపు పిల్లపై పాట కట్టుట పిరికితనమని కొందరికి తోచవచ్చును. నాకట్లు తోచదు. ఊరేగింపులు నిషేధించు ప్రభుత్వమునకు నినాదము చేయువాడు అర్థమగును; వానికి తగిన సెక్షను ఉన్నది. హెమింగ్వేను జేమ్స్ జాయిసును వెదకుకొనుచు గ్రంథాలయమున కూర్చుండువాడు దానికి అర్థము గాడు. మేము ఇట్టివారమని, మా ఊరు మీరనుకొనునంతటి మొరటు ఊరు కాదని, ఆ చిన్న రికార్డు చెప్పుచున్నది.

1979 నవంబరులో ఈ యిద్దరును లండనునకు పోయి సంస్థల తలుపులు తట్టిరి. 1980లో స్కాట్లండులోని గ్లాస్గోలో పోస్ట్‌కార్డ్ అను చిన్న సంస్థ వారిచేత ఒక పాట రికార్డు చేయించెను. తిరిగి ఊరు చేరినపిదప వారికి లిండీ మారిసన్ అను డ్రమ్ముల వాద్యకారిణి లభించెను. ఆమె వారికంటె ఆరేడేండ్లు పెద్దది; అంతకు ముందు ఆదివాసుల న్యాయసహాయ సంస్థలో సంఘసేవ చేసినది, లోకము చూచినది, పెద్దగొంతు గలది. ఆమె రాకతో బృందము బృందమయ్యెను. ఈ ముగ్గురును 1981లో మెల్‌బోర్నున మొదటి ఆల్బమును ముగించి, 1982లో మరల లండను చేరి, ఆ శరత్కాలమున ఈస్ట్‌బోర్న్ అను సముద్రతీరపు పట్టణమున రెండవ ఆల్బమును రికార్డు చేసిరి. దాని పేరు బిఫోర్ హాలీవుడ్. 1983లో రఫ్ ట్రేడ్ వారు ప్రకటించిరి. అందులోని ఒక పాటను గూర్చి చెప్పుటకే నేను ముఖ్యముగా ఈ వేదిక నెక్కితిని.

ఆ పాట పేరు క్యాటిల్ అండ్ కేన్. అనగా పశువులు, చెరకు.

మెక్లెనన్ బాల్యముననే తండ్రిని పోగొట్టుకొనెను. తండ్రి వైద్యుడు. తల్లి మరల వివాహమాడి ఉత్తర క్వీన్స్‌లాండున ఒక పశుక్షేత్రమునకు పోయెను. బాలుడు బ్రిస్బేనులో హాస్టలులో నుండి చదువుకొనుచు, సెలవులకు రైలులో ఉత్తరముగా పోయెడివాడు. ఆ దారి చెరకుతోటల దారి. కోతకు ముందు ఆ దేశమున చెరకు ఆకును తగులబెట్టెడివారు. మంటలు లేచి, నల్లని మసి ఆకాశమునుండి వానవలె రాలెడిది. ఇరువదినాలుగేండ్ల వయసున, లండను చలిలో, నిక్ కేవ్ అను తోటి ఆస్ట్రేలియా గాయకుని గిటారును చేతికి తీసికొని అతడీ పాట కట్టెను. ఇందు మూడు జ్ఞాపకములు. చెరకుతోటల మీదుగా రేకుల కప్పు గల కొయ్య ఇంటికి తిరిగివచ్చు బడిపిల్లవాడు మొదటిది. తండ్రి గడియారమును పోగొట్టుకొన్న పిల్లవాడు రెండవది. పుస్తకముల లోకములోనికి అడుగిడిన యువకుడు మూడవది. తండ్రి మరణించెనని పాటలో ఎచ్చటను లేదు. గడియారము పోయినదని మాత్రమున్నది. మన ఆలంకారికులు వ్యంగ్యమని దేనిని పేర్కొనిరో దానికి ఇంతకంటె మంచి ఉదాహరణము నేటి పాటలలో నేను చూపలేను.

ఈ పాట తల్లిని సంతోషపెట్టుటకై వ్రాసితినని ఆయనయే ఒకప్పుడు చెప్పియున్నాడు. ఆ పశుక్షేత్రమునకు అప్పటికి సరియైన విద్యుచ్ఛక్తి లేదు. రికార్డు వేసికొని వినుటకు వీలులేదు. అందుచేత టెలిఫోనులో పాడి వినిపింపవలసి వచ్చినదట. ఇచ్చట ఢిల్లీలో నుండి ఊరిలోని తల్లికి పద్యము చదివి వినిపించువారు మనలోను ఉన్నారు గనుక నేను వ్యాఖ్యానింపను.

దీని తాళమును గూర్చి ఒక్కమాట. నాలుగు చొప్పున తొడపై చేయి వేసి లెక్కించువాడు మొదటి ఆవృతముననే తప్పిపోవును. ఐదు, రెండు, నాలుగు, ఇట్లు పదునొకండు అక్షరములుగా అది నడచును. నడచుచు తొట్రుపడినట్లుండును గాని పడదు. ఖండమును మిశ్రమును ఎఱిగిన మన మార్దంగికులకు ఇది పెద్ద వింత గాకపోవచ్చును. పాశ్చాత్య జనసామాన్య సంగీతమున మాత్రము ఇది మిక్కిలి అరుదు. అంతకంటె వింత యేమనగా, వినువానికి లెక్క చిక్కకున్నను చిక్కు తోచదు. ఇంటిదారి పట్టిన బాలుని నడకవలె సహజముగా నుండును. ఆ సహజత్వము మారిసన్ చేతిది. ఆమె గాక లెక్క నేర్చిన వేరొక వాద్యకారుడు కూర్చుండినచో ఈ పాట గణితమై యుండెడిది.

చెరకు మాట వచ్చినది గనుక కొంచెము ప్రక్కకు పోవుటకు అనుమతింపుడు. అనకాపల్లి, తణుకు, బోధను ప్రాంతముల పెరిగినవారికి చెరకుతోట ఎట్టిదో తెలియును. క్వీన్స్‌లాండున ఆ తోటలను తొలుత పెంచినది పసిఫిక్ దీవులనుండి 1863 మొదలు ఒడంబడికపై కొనిరాబడిన కూలీలు. అందు బలవంతమునను మోసమునను వచ్చినవారు ఎందరో. అదే కొలోనియల్ షుగర్ కంపెనీకి ఫిజీ దీవులలోను మిల్లులుండెను. 1903 మొదలు 1916 వరకు మద్రాసు రేవునుండి ఓడలెక్కి ఆ ఫిజీ తోటలకు పోయిన ఒడంబడిక కూలీలలో మన తెలుగువారును ఉన్నారు. మెక్లెనన్ పాటలో ఈ చరిత్ర లేదు. పదేండ్ల పిల్లవానికి అది తెలియవలసిన పనియు లేదు. కాని ఆకాశమునుండి రాలు ఆ మసిని విన్నప్పుడెల్ల నాకు ఆ ఓడలు జ్ఞప్తికి వచ్చును. 2001లో ఆస్ట్రేలియా గేయకర్తల హక్కుల సంఘమువారు తమ దేశపు ముప్పది ఉత్తమ గేయములను ఎన్నుకొన్నప్పుడు ఈ పాటకును అందు స్థానము దొరకెను. వెలువడిన పదునెనిమిదేండ్లకు.

తరువాతి కథ వేగముగా చెప్పవచ్చును. రాబర్ట్ విక్కర్స్ బాస్ గిటారు పట్టగా మెక్లెనన్ గిటారునకు మారెను. 1984లో ఫ్రాన్సు దేశమున స్ప్రింగ్ హిల్ ఫెయిర్, 1986లో లిబర్టీ బెల్, 1987లో టలూలా. ఒక సంస్థ చేరదీయును, మరియొకటి విడిచిపెట్టును. అద్దె కట్టుటకు డబ్బు చాలదు. 1986లో వయొలినును ఓబో అను సుషిరవాద్యమును వాయించు అమాండా బ్రౌన్ చేరెను. ఈ ఆల్బముల పేర్లన్నిటిలోను ఆంగ్లపు ఎల్ అక్షరము జంటగా వచ్చుట ఒక తమాషా. ఆరవది సిక్స్‌టీన్ లవర్స్ లేన్, అందును రెండు ఎల్‌లున్నవి.

ఆ ఆరవ ఆల్బము 1988లో వచ్చెను. అయిదేండ్లు లండను మబ్బుల క్రింద గడిపి సిడ్నీ ఎండలోనికి తిరిగివచ్చిన వారి సంతోషము దానిలో వినబడును. అందలి స్ట్రీట్స్ ఆఫ్ యువర్ టౌన్ అను పాట వారిది కొంచెమైనను జనులలోనికి పోయిన పాట. వినుటకు ఆదివారపు ఉదయమువలె నుండును. శ్రద్ధగా వినినచో ఆ సుందరమైన వీధులలోనే భార్యలను కొట్టు ఇండ్లును ఉన్నవని నడుమ ఒక మాట జారవిడుతురు. రేడియోలో విని కూనిరాగము తీసినవారిలో ఎందరు ఆ మాటను గమనించిరో! దానితోనైనను తలుపులు తెరచుకొనునని అందరును ఆశించిరి. తెరచుకొనలేదు. మరుసటి యేట ఆర్.ఇ.ఎమ్. అను ప్రఖ్యాత అమెరికా బృందమునకు ముందు వాయించుచు ఐరోపా తిరిగిరి. 1989 డిసెంబరులో ఫోర్స్టరు, మెక్లెనను ఇద్దరును ఏకాంతమున నిశ్చయించుకొని, మారిసనుకును బ్రౌనుకును బృందము ముగిసినదని తెలియజేసిరి. మెక్లెనను బ్రౌనులు అప్పటికి ప్రేమికులు. ఆమె నాడే అతనిని విడిచిపోయెను.

ఇచ్చట నేను కొంత నిలువవలెను. ఈ బృందమును గూర్చి వ్రాయువారందరును ఇద్దరు మిత్రుల కథగానే వ్రాయుదురు. మనకును ఆ వ్రాత వెంటనే రుచించును. మనది జంటకవుల దేశము. ఫోర్స్టరు, మెక్లెనను ఎవరి పాట వారు వ్రాసికొని, ఎవరి పాట వారు పాడుకొని, ఆల్బముపై మాత్రము కర్తలుగా ఇద్దరి పేర్లును వేసికొనెడివారు. తిరుపతి వేంకట కవులలో ఏ పద్యము ఎవరిదని అడుగరాదన్నట్లే! నేనును చాలకాలము ఈ పోలికనే చెప్పుకొని మురిసితిని. దీనికి వేరొక ముఖము కలదని ట్రేసీ థార్న్ అను ఆంగ్ల గాయని 2021లో తన మిత్రురాలగు లిండీ మారిసన్‌పై వ్రాసిన గ్రంథము చూపినది. దాని వాదము స్థూలముగా ఇది: ఇద్దరు పురుషుల స్నేహమును కావ్యముగా అల్లుటలో, తొమ్మిదేండ్లు డ్రమ్ముల వెనుక కూర్చుండి ఆ పాటలకు నడక నేర్పిన స్త్రీ కథనుండి జారిపోయినది. ఫోర్స్టరు 2016లో ప్రకటించిన జ్ఞాపకముల గ్రంథమునకు గ్రాంట్ అండ్ ఐ అని పేరు. చక్కని గ్రంథము, నేను రెండుమారులు చదివితిని. కాని ఆ పేరులోనే ఇద్దరికి తప్ప చోటు లేదు.

థార్న్ వాదము నాకు న్యాయముగా తోచుచున్నది. కట్టినవాడు కవి, పాడినవాడు గాయకుడు, తాళము వేసినది ఎవరో! మన హరికథలలోను, యక్షగానములలోను ఇదే జరిగినది. మద్దెల వాయించినవాని పేరు ఎందరికి తెలియును? క్యాటిల్ అండ్ కేన్ పాటనుండి ఆ పదునొకండు అక్షరముల నడకను తీసివేయుడు. మిగులునది మంచి పద్యము, అంతే. మారిసన్ పిమ్మట కష్టములలోనున్న సంగీత కళాకారులకు సహాయము చేయు సంస్థలో దీర్ఘకాలము పనిచేసెను. 2013లో ఆమెకు ఆస్ట్రేలియా ప్రభుత్వ పతకము లభించెను. పురస్కారముల జాబితాలు తయారుచేయు కార్యాలయములలో పనిచేసినవారికి, అట్టి జాబితాలో ఒక డ్రమ్ముల వాద్యకారిణి పేరు చేరుట ఎంత అరుదో నేను చెప్ప నక్కరలేదు.

విడిపోయిన పదియేండ్లును ఇద్దరును వేరువేరుగా ఆల్బములు చేసిరి. ఫోర్స్టరు వివాహమాడి కొంతకాలము జర్మనీలో నివసించెను. 2000లో మరల కలిసి, అమెరికాలోని పోర్ట్‌లాండున ఒక ఆల్బము రికార్డు చేసిరి. ఆ నగరపు స్లీటర్-కిన్నీ అను స్త్రీల బృందమువారు దానికి వాద్యసహకార మిచ్చిరి. చిన్నతనమున వీరి పాటలు విని పెరిగిన తరమువారు వీరికి తోడు నిలుచుట, రాబడికి బదులుగా వచ్చిన వడ్డీ యనవచ్చును. 2005లో వెలువడిన ఓషన్స్ అపార్ట్‌కు ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ పురస్కారము దక్కెను. ఇరువది యేడేండ్లకు దేశము తలుపు తీసెను.

2006 మే 6వ తేదీ సాయంకాలము మెక్లెనన్ బ్రిస్బేనులోని తన యింట మిత్రులకు విందు ఏర్పాటు చేసెను. కొంచెము నలతగా నున్నదని మేడపై పరుండుటకు పోయి, నిద్రలోనే కన్నుమూసెను. వయస్సు నలుబది యెనిమిది. అతిథులు ఒక్కరొక్కరే వచ్చుచుండిరి.

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1920లో తిరుపతి శాస్త్రిగారిని పోగొట్టుకొనిన పిదప ముప్పది సంవత్సరములు జీవించి, తాము ఒక్కరే రచించినవానిని గూడ ఇద్దరి పేరనే ప్రకటించిరి. ఫోర్స్టరు దీనికి విరుద్ధముగా చేసెను. మిత్రుడు వదలిపోయిన అసంపూర్ణ గీతములను మూటిని తాను పూర్తిచేసి, 2008లో ది ఇవాంజెలిస్ట్ అను ఆల్బమున చేర్చెను; దానిని తన పేరనే వెలువరించెను. గో-బిట్వీన్స్ అను పేరును మరల వాడలేదు. ఒకరు పేరును నిలిపి స్నేహమును కాపాడిరి, ఒకరు పేరును విడిచి కాపాడిరి. ఏది గొప్పదని నన్నడుగకుడు. శాస్త్రిగారి పక్షమున మాటలాడవలెనని రక్తము చెప్పుచున్నది. ఫోర్స్టరు చేసినది కఠినతరమని బుద్ధి చెప్పుచున్నది.

ఇక వంతెన సంగతి. బ్రిస్బేను నదిపై నగరపాలకులు హేల్ స్ట్రీట్ లింక్ అని కాగితములపై పిలుచుచు ఒక వంతెన నిర్మించుచుండిరి. పేరు సూచింపుడని పౌరులను కోరిరి. పౌరులు ఎన్నుకొన్న పేరు గో బిట్వీన్. 2010 జులైలో ఆ వంతెనపై రాకపోకలు ప్రారంభమయ్యెను. రెండు తీరముల నడుమ పోవునది గనుక పేరు అతికినది. మనవంటివారికి దీనిలోని రసము ఇంకొకటి. ఊరేగింపు తీయనీయని నగరము, ఇండ్లను రాత్రివేళ కూల్చిన నగరము, తాను పట్టించుకొనని విద్యార్థుల బృందపు పేరును తన ఇంజనీర్ల దస్తావేజులలోనికి ఎక్కించుకొనెను. అది సుంకపు వంతెన. జీవితమంతయు అద్దెకు తడుముకొన్నవారి పేర దినదినమును సుంకము వసూలగుచున్నదని తలచి నవ్వుకొనవచ్చును. ఆ నగరమునకు ఫోను చేయు తల్లిదండ్రులు ఈ వారము తమ పిల్లలతో, ఆ వంతెన మీదుగా ఎప్పుడైన పోయితిరా అని అడుగుడు.

నేనీ విషయమును ఎన్నుకొనుటకు కారణ మడిగిన మిత్రులు కలరు. మన కార్యాలయములలో పగలు నోట్లు వ్రాసి, రాత్రులు కథలును పద్యములును వ్రాయువారు నాకు తెలిసినంతలో పదిమందికి తక్కువ లేరు. పత్రికలు తిప్పి పంపినవని ఇద్దరు కలములు మూసివేసిరి. వారి పేర్లు చెప్పను. వారు ఈ సభలోనే యున్నారు. ఓపిక పట్టినచో కీర్తి వచ్చునని వారికి చెప్పుటకు నేను రాలేదు. మెక్లెననుకు వచ్చిన కీర్తిలో అధికభాగము ఆయన చూడలేదు. నేను చెప్పగలిగినది ఇంతమాత్రమే: టెలిఫోనులో తల్లికి పాడి వినిపించిన నాడు ఆ పాటకు శ్రోత ఒక్కరు. ఆ ఒక్కరికై వ్రాసినందుననే అది అట్లు వచ్చినదని నా నమ్మకము. విమర్శకులను గాని, విక్రయ పట్టికను గాని దృష్టిలో ఉంచుకొని వ్రాసినచో గడియారము పోయిన పిల్లవాడు పాటలోనికి వచ్చియుండడు.

కార్యదర్శిగారు గడియారము వైపు చూచుచున్నారు. యువమిత్రులొకరు ధ్వనియంత్రమును సిద్ధపరచినారు. క్యాటిల్ అండ్ కేన్ ఇంచుమించు నాలుగు నిమిషముల పాట. మాటలు తెలియకపోయినను చింత లేదు. మొదట గిటారును వినుడు, తరువాత డ్రమ్ములను వినుడు. చివర ఒక గొంతు పాడక మాటలాడును, అది ఫోర్స్టరుది. తాళము వేయదలచినవారు పదునొకండు లెక్కించుకొనవలెను.